‘నైట్’ మాటలో జి, హెచ్ ఎందుకు: ఇంగ్లీషు స్పెల్లింగు గురించి, ఉచ్చారణ గురించి

మీరు రెండు సంగతులు అడిగారు. ఏడో తరగతి చదువుతున్న మీ అబ్బాయి, రాత్రి అని అర్థమిచ్చే ‘నైట్’ మాటను ఎన్, ఐ, టి, ఇ అని రాసి మార్కు పోగొట్టుకున్నాడు. పలకని జి, హెచ్‌లను మధ్యలో ఎందుకు రాయాలని ఇంటికొచ్చి అడిగితే, జవాబు తోచక, అది అంతే, బట్టీ పట్టమని చెప్పారు. ఆ తరువాత బి-యు-టి ‘బట్’ అయినప్పుడు పి-యు-టి ‘పుట్’ ఎలా అయిందని మళ్లీ అడిగాడు. దాంతో ఈ భాషకు అసలు ఒక పద్ధతి అంటూ ఉందా, ఉంటే ఉచ్చారణను పిల్లలకు ఎలా నేర్పాలి అన్న సందేహం మీకే కలిగింది. నేను 34 ఏళ్లు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో ఇంగ్లీషు బోధించి పదవీ విరమణ చేశాను. మొదటి పదేళ్లు నేనూ పిల్లలకు చెప్పినది మీరు చెప్పిన మాటే. అది తప్పని తెలుసుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది కాబట్టి, కొంత వివరంగా రాస్తాను. ఇక్కడ ఇంగ్లీషు ధ్వనులను తెలుగు అక్షరాల్లో చూపించక తప్పదు. అవి దగ్గరి పోలికలు మాత్రమేనని గుర్తుంచుకొని చదవండి.

ఇంగ్లీషు మాట స్పెల్లింగు ప్రధానంగా ఆ మాట పుట్టుకను, దాని బంధువర్గాన్ని మనకు చెబుతుంది. ఈనాటి ధ్వనిని అది కొంత మేరకే చెబుతుంది. తెలుగులో అక్షరాలు కూడబలుక్కుంటే మాట వినిపిస్తుంది కనుక, ఇంగ్లీషు రాతను కూడా మనం ధ్వని పటంగానే చదవబోతాము, అది మనల్ని మోసం చేసిందనుకుంటాము. స్పెల్లింగుకు కారణాలను చరిత్రలో వెతకాలి, ఉచ్చారణను చెవితో పట్టుకోవాలి. ఈ రెండు పనులను వేరు చేయగలిగితే మీ అబ్బాయి ప్రశ్నలకు జవాబులు దొరుకుతాయి.

ముందు రాత్రి సంగతి చూద్దాము. కార్తీక మాసంలో మన ఇళ్లలో పెద్దవాళ్లు ‘నక్తం’ ఉంటారు. పగలంతా ఉపవాసం ఉండి, నక్షత్రాలు కనిపించాక భోజనం చేయడమే నక్తం. సంస్కృతంలో ‘నక్తం’ అంటే రాత్రి వేళ. ఇంగ్లీషు ‘నైట్’ ఈ మాటకు దాయాది. ఇంగ్లీషు, జర్మన్ భాషలకు తల్లి అయిన ప్రాచీన భాషలో పాత ‘క’కారం చాలా చోట్ల ‘హ’కారంగా మారింది. ఈ మార్పుల వరుసను జాకబ్ గ్రిమ్ 1822లో సూత్రీకరించాడు, తమ్ముడితో కలిసి జానపద కథలు సేకరించిన గ్రిమ్ ఆయనే. అలా ‘నక్త’లోని ‘క్’ పాత ఇంగ్లీషులో ‘నిహ్ట్’ అనే మాటలో ‘హ్’ అయింది. ఆ ‘హ్’ మనం తేలికగా వదిలే హకారం లాంటిది కాదు, ఉర్దూ ‘ఖబర్’ మాటలో మొదటి ధ్వనిలాగా రాపిడితో వచ్చేది. నార్మన్లు 1066లో ఇంగ్లండును గెలిచిన తరువాత, ఫ్రెంచి రాతకు అలవాటు పడిన లేఖకులు ఆ రాపిడి ధ్వనిని చూపడానికి జి, హెచ్ అక్షరాల జంటను వాడసాగారు. స్కాట్లండు మాండలికంలో ఆ ధ్వని ఇప్పటికీ వినిపిస్తుంది, జర్మన్లు ఈనాటికీ రాత్రిని ‘నాఖ్ట్’ అంటారు. దక్షిణ ఇంగ్లండులో మాత్రం ఆ ధ్వని కొన్ని మాటల్లో పూర్తిగా కరిగిపోయింది, ‘లాఫ్’, ‘కాఫ్’, ‘టఫ్’, ‘ఇనఫ్’ వంటి కొన్నింటిలో ‘ఫ్’గా మారింది. ఒ-యు-జి-హెచ్ అనే ఒకే వరుసను ‘దో’, ‘త్రూ’, ‘టఫ్’, ‘కాఫ్’, ‘బౌ’ అని రకరకాలుగా చదవవలసి రావడం ఈ కరిగిపోవడం అన్ని మాటల్లో ఒకేలా జరగనందువల్లనే.

‘నీ’ అంటే మోకాలు, ‘నో’ అంటే తెలుసుకోవడం. ఈ రెండింటి ముందూ పలకని ‘కె’ ఉంది. మోకాలు సంస్కృతంలో ‘జాను’. చేతులు మోకాళ్లను తాకేంత పొడవుగా ఉన్నవాడిని ఆజానుబాహువు అనడం మీకు తెలిసిందే. తెలుసుకోవడానికి సంస్కృత ధాతువు ‘జ్ఞా’, అందులోంచే ‘జ్ఞానం’ వచ్చింది. ఒకే మూలధ్వని సంస్కృతంలో ‘జ’గా, ఇంగ్లీషు కుటుంబంలో ‘క’గా నిలిచింది. జర్మన్లు మోకాలిని నేటికీ ‘క్నీ’ అని కకారంతో సహా పలుకుతారు. ఇంగ్లీషువాళ్లు 17వ శతాబ్దం తరువాత ఆ ‘క్’ పలకడం మానేశారు. పిల్లలకు చెప్పేటప్పుడు ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఇంగ్లీషుకు బంధువు సంస్కృతం, తెలుగు కాదు. తెలుగు, తమిళం, కన్నడం మొదలైనవి సంస్కృతం నుంచి పుట్టలేదని, అవి వేరే కుటుంబమని మద్రాసులో కంపెనీ అధికారిగా ఉన్న ఎల్లిస్ దొర 1816లోనే చూపించాడు. ‘నక్తం’, ‘జాను’, ‘జ్ఞానం’ మనం సంస్కృతం నుంచి తెచ్చుకొని సొంతం చేసుకున్న మాటలు. తెచ్చుకున్నవే అయినా, ఇంగ్లీషు చరిత్రకు అవి మన చేతిలో తాళం చెవులయ్యాయి.

పలకడం మానేసిన అక్షరాన్ని రాయడం ఎందుకు మానలేదని మీ అబ్బాయి తప్పక అడుగుతాడు, అడగాలి కూడా. దీనికి జవాబు అచ్చుయంత్రం. విలియం కాక్స్‌టన్ 1476లో లండను పక్కన వెస్ట్‌మిన్‌స్టర్‌లో ఇంగ్లండులోని మొదటి ముద్రణాలయం పెట్టాడు. అప్పటికి ఒక్కో ప్రాంతంలో ఒక్కో రకం ఇంగ్లీషు ఉండేది. ఒక వర్తకుడు ఓడ ఆగినప్పుడు ఒడ్డున ఒక ఇంట్లో గుడ్లను ‘ఎగ్గిస్’ అని అడిగితే, తనకు ఫ్రెంచి రాదని ఆ ఇల్లాలు కోపగించుకుందట. పక్కనున్నవాడు ‘ఐరెన్’ అని చెబితే గాని ఆమెకు అర్థం కాలేదట. ఈ సంగతిని 1490లో కాక్స్‌టనే రాసుకుని, ఏ మాట అచ్చు వేయాలో తెలియక వాపోయాడు. అచ్చు పని చేసినవాళ్లలో కొందరు సముద్రం అవతలి ఫ్లాండర్స్ ప్రాంతపు పద్ధతులకు అలవాటు పడ్డవాళ్లు. దెయ్యం అనే అర్థంలోని ‘గోస్ట్’ మాటలో జి తరువాత ఉన్న హెచ్ వాళ్ల భాష నుంచి వచ్చి కూర్చున్నదే. వందా నూటయాభై ఏళ్లలో అచ్చు పుస్తకాలు స్పెల్లింగును చాలావరకు స్థిరపరిచాయి, 1755లో శామ్యూల్ జాన్సన్ నిఘంటువు ఆ స్థిరత్వానికి ముద్ర వేసింది. సరిగ్గా ఆ కాలంలోనే జనం నోళ్లలో ధ్వనులు పెద్ద ఎత్తున మారిపోయాయి. రాత ఒక చోట ఆగింది, నోరు సాగిపోయింది.

ఆ మార్పుల్లో అన్నింటికంటే పెద్దదాన్ని భాషాశాస్త్రజ్ఞులు మహా స్వరపరివర్తనం అంటారు. ఆ పేరు పెట్టినవాడు డెన్మార్కుకు చెందిన ఒట్టో యెస్పర్సన్. సుమారు 1400 నుంచి 1700 వరకు ఇంగ్లీషులోని దీర్ఘాచ్చులన్నీ తమ తమ స్థానాలు వదిలి పైకి జరిగాయి, పైన చోటు లేనివి విడిపోయి సంయుక్త స్వరాలు, అంటే రెండచ్చులు కలిసిన ధ్వనులు, అయ్యాయి. పేరు అనే అర్థంలో ఇప్పటి ‘నేమ్’ అప్పుడు ‘నామ’. తెలుగు విద్యార్థికి ఇంతకంటే తేలికైన ఉదాహరణ అక్కరలేదు, ఎందుకంటే అది మన ‘నామం’ మాటకు చుట్టమే. ‘టైమ్’ అప్పట్లో ‘టీమ’, ‘హౌస్’ అప్పట్లో ‘హూస్’, ‘మూన్’ అప్పట్లో ‘మోన’. స్పెల్లింగులు మాత్రం పాత పలుకుబడి ప్రకారమే నిలిచిపోయాయి.

ఇక్కడ నాకెంతో ఇష్టమైన ఒక విషయం చెప్పాలి. మన పేర్లను రోమన్ అక్షరాల్లో రాసేటప్పుడు మనం ఏ విలువలు వాడుతున్నామో గమనించారా? ‘రామ’లో ఆకారానికి ‘ఎ’ అక్షరం, ‘సీత’లో ఈకారానికి ‘ఐ’ అక్షరం, ‘వేణు’లో ఏకారానికి ‘ఇ’ అక్షరం రాస్తాము. ఇవి ఆ మార్పుకు ముందు ఇంగ్లీషులో ఉన్న విలువలు, ఐరోపాలోని ఇతర భాషల్లో ఇప్పటికీ ఉన్న విలువలు. ఇంగ్లీషు అక్షరమాలలో మాత్రమే మొదటి అచ్చు పేరు ‘ఏ’ అయింది, ‘ఈ’కి రావలసిన అక్షరం ‘ఐ’ అయింది. కాబట్టి మీ అబ్బాయి తన పేరును రోమన్ లిపిలో రాసినప్పుడల్లా ఆరువందల ఏళ్ల నాటి ఇంగ్లీషు అచ్చులను వాడుతున్నాడని చెప్పండి. ఈ మాట విన్న పిల్లల కళ్లు వెలగడం నేను ఎన్నోసార్లు చూశాను.

ఇప్పుడు ‘బట్’, ‘పుట్’. ఒకప్పుడు ఈ రెండింటిలోనూ హ్రస్వమైన ఉకారమే ఉండేది, రెండో మాట ఎలా ఉందో మొదటిదీ అలాగే ‘బుట్’ అని వినిపించేది. 17వ శతాబ్దంలో దక్షిణ ఇంగ్లండు వాళ్లు ఈ ఉకారాన్ని పెదవులు గుండ్రం చేయకుండా పలకడం మొదలుపెట్టడంతో, అది అకారానికి దగ్గరగా వెళ్లింది. ‘కప్’, ‘సన్’, ‘బట్’ అలా పుట్టాయి. కొన్ని మాటల్లో మాత్రం ప, బ, ఫ లాంటి హల్లు ముందు ఉండటం వల్ల పెదవులు అప్పటికే పనిలో ఉండి, ఆ గుండ్రదనం పోలేదు. ‘పుట్’, ‘పుల్’, ‘పుష్’, ‘బుల్’, ‘ఫుల్’, ‘బుచర్’ అలా మిగిలాయి. అన్నింటిలోనూ కచ్చితంగా ఇలాగే జరగలేదు, అందుకు ‘బట్’ మాటే సాక్ష్యం. అయినా మిగిలిపోయిన మాటలను వరుసగా చూస్తే కారణం కనిపిస్తుంది. ఉత్తర ఇంగ్లండులో, ఉదాహరణకు యార్క్‌షైర్‌లో, చాలామంది నేటికీ ‘కప్’ను ‘కుప్’ అనే అంటారు, వాళ్ల నోట ‘బట్’, ‘పుట్’ ఒకే అచ్చుతో వస్తాయి. కాబట్టి మీ అబ్బాయి ప్రశ్న యార్క్‌షైర్ పిల్లవాడికి పుట్టదు.

కొన్ని స్పెల్లింగులకు కారణం ధ్వని కాదు, కలం. కొడుకు అనే అర్థంలోని ‘సన్’ పాత ఇంగ్లీషులో ‘సును’, సంస్కృతంలోని ‘సూను’ దీనికి దాయాది. ఇందులో ‘యు’ ఉండాలి, కాని ‘ఒ’ ఉంది. మధ్యయుగపు రాతలో యు, ఎన్, ఎమ్, వి అన్నీ పక్కపక్కన నిలువు గీతలే కావడంతో, అవి వరుసగా వస్తే ఎక్కడ ఏ అక్షరం ముగిసిందో తెలిసేది కాదు. చదవడానికి వీలుగా లేఖకులు ‘యు’ బదులు ‘ఒ’ రాశారని సాధారణంగా వివరిస్తారు. ‘లవ్’, ‘మంక్’, ‘కమ్’, ‘టంగ్’, ‘వండర్’ మాటల్లో ‘ఒ’ అలా వచ్చినదే. మన చేతిరాతలో మ, య పక్కపక్కన పడినప్పుడు పిల్లలు తికమకపడటం చూసినవారికి ఆ లేఖకుల కష్టం అర్థమవుతుంది.

మరికొన్ని పండితుల పుణ్యం. అప్పు అనే అర్థంలోని ‘డెట్’ ఫ్రెంచి నుంచి వచ్చినప్పుడు అందులో ‘బి’ లేదు. లాటిన్ మూలంలో బకారం ఉందని చదువుకున్నవాళ్లు తెచ్చి పెట్టారు. సందేహం అనే అర్థంలోని ‘డౌట్’లో ‘బి’, ‘రిసీట్’లో ‘పి’ కూడా ఇలాంటివే. మన మాటల్లో చెప్పాలంటే ఇవి తద్భవాలు, వాటికి తత్సమపు అక్షరం తగిలించారు. ‘ఐలండ్’లో ‘ఎస్’ అయితే పొరపాటే. ఆ మాట అచ్చమైన ఇంగ్లీషుది, దానికి లాటిన్ ‘ఇన్సులా’తో సంబంధం లేదు. ఇన్సులా నుంచి ఫ్రెంచి ద్వారా వచ్చిన మరో మాట ‘ఐల్’ను చూసి దీనికీ ఎస్ చేర్చారు. తప్పు అని తెలిసినా ఇక తీయలేకపోయారు.

ఇదంతా ఇంగ్లీషుకే పట్టిన జబ్బు అనుకోవద్దు. మనం ‘బ్రహ్మ’ అని హకారం ముందు రాసి ‘బ్రమ్హ’ అంటాము. ‘జ్ఞానం’ రాసి మనలో చాలామంది ‘గ్నానం’ అనే పలుకుతాము. ‘ఋషి’ రాసి ‘రుషి’ అంటాము. ‘చాప’, ‘చీమ’ మాటలను ఒకదాని వెంట ఒకటి నెమ్మదిగా పలికి చూడండి, రాతలో ఒకే ‘చ’ ఉన్నా నాలుక రెండు వేర్వేరు చోట్ల తగులుతుంది. ఇ, ఈ, ఎ, ఏల ముందు అది తాలవ్యం (అంగిలి దగ్గర పలికేది), తెలుగు మాటల్లో మిగతా అచ్చుల ముందు సాధారణంగా దంత్యం (పళ్ల దగ్గర పలికేది). ఇంగ్లీషు ‘సి’ అక్షరం సరిగ్గా ఈ నియమానికే లోబడి ఉంది. ఇంగ్లీషు ఇ, ఐ, వై అక్షరాల ముందు అది సకారం (‘సిటీ’, ‘సెంటర్’, ‘సైకిల్’), మిగతా చోట్ల కకారం (‘క్యాట్’, ‘కోట్’, ‘కప్’). రెంటికీ కారణం ఒక్కటే, ఇకార ఎకారాలు పలికేటప్పుడు నాలుక ముందుకు, అంగిలి వైపు లేస్తూ పక్కనున్న హల్లును తనతో లాక్కుపోతుంది. కన్నడంలో ‘కివి’ తెలుగులో ‘చెవి’ అయింది, ‘కెరె’ మనకు ‘చెరువు’ అయింది. అచ్చం అలాగే గడ్డానికి జర్మన్ ‘కిన్’ ఇంగ్లీషులో ‘చిన్’ అయింది, స్కాట్లండులో ‘కిర్క్’ అనే మాట ఇంగ్లీషులో ‘చర్చ్’. ‘సి’ నియమం నమ్మదగినది కాబట్టి పిల్లలకు ధైర్యంగా చెప్పవచ్చు. ‘జి’ విషయంలో మాత్రం ‘గెట్’, ‘గివ్’, ‘గర్ల్’ లాంటి అచ్చ ఇంగ్లీషు మాటలు, ఉత్తర ఐరోపా మాటలు ఆ నియమాన్ని పాటించవు.

మాట ఏ ఇంటి నుంచి వచ్చిందో తెలిస్తే స్పెల్లింగులో సగం తెలిసినట్టే. సి-హెచ్ జంటను తీసుకోండి. అచ్చ ఇంగ్లీషు మాటల్లో, చాలా కాలం కిందట ఫ్రెంచి నుంచి వచ్చిన మాటల్లో అది చకారం: ‘చైల్డ్’, ‘చీఫ్’. గ్రీకు నుంచి వచ్చిన మాటల్లో కకారం: ‘కెమిస్ట్రీ’, ‘స్కూల్’, ‘క్యారెక్టర్’. ఇటీవలి శతాబ్దాల్లో ఫ్రెంచి నుంచి వచ్చిన మాటల్లో షకారం: ‘మెషీన్’, ‘షెఫ్’. ‘చీఫ్’, ‘షెఫ్’ ఒకే ఫ్రెంచి మాట రెండు వేర్వేరు కాలాల్లో వచ్చినవి. ముందు వచ్చినది నాటి ఫ్రెంచి చకారాన్ని తెచ్చింది, తరువాత వచ్చినది ఫ్రెంచివాళ్లు షకారానికి మారిన తరువాత వచ్చింది. ఫకారానికి పి-హెచ్ ఉంటే అది దాదాపు ఎప్పుడూ గ్రీకు మాటే. అమెరికాలో 1925 నుంచి జరుగుతున్న జాతీయ స్పెల్లింగ్ పోటీలో తెలుగు కుటుంబాల పిల్లలు చాలాసార్లు గెలిచారు. ఆ పోటీని చూస్తే, మాట చెప్పగానే పిల్లలు ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటి ఉంటుంది, అది ఏ భాష నుంచి వచ్చిందని. వాళ్లు జ్ఞాపకశక్తితో మాత్రమే గెలుస్తారని మనలో చాలామంది అనుకుంటారు. జ్ఞాపకశక్తి కావాలి, కాని వాళ్లు ఎప్పుడూ వినని మాటను కూడా సరిగా రాయగలగడానికి ఈ ప్రశ్నే ఆధారం.

పలకని అక్షరం కొన్నిసార్లు చుట్టరికాన్ని కాపాడుతుంది. ‘సైన్’లో పలకని ‘జి’ని ‘సిగ్నేచర్’లో పలుకుతాము, ‘బామ్’లో పలకని చివరి ‘బి’ని ‘బంబార్డ్’లో పలుకుతాము. ‘మజిల్’లో పలకని ‘సి’ ‘మస్క్యులర్’లో వినిపిస్తుంది. స్పెల్లింగును పూర్తిగా ధ్వని ప్రకారం మారుస్తే ఈ జంటలు విడిపోతాయి. సంస్కరణలు ఎందుకు నెగ్గలేదో కూడా ఇందులోనే ఉంది. నోవా వెబ్‌స్టర్ 1828 నిఘంటువుతో అమెరికాలో ‘కలర్’లో ‘యు’ తీసివేయడం లాంటి చిన్న మార్పులు నిలిచాయి. అంతకు మించి మారుద్దామంటే, ఎవరి నోటి ప్రకారం రాయాలన్న ప్రశ్న వస్తుంది. లండనుదా, యార్క్‌షైర్‌దా, టెక్సాస్‌దా, మనదా?

ఇక ఉచ్చారణ. ఇంగ్లీషులో అక్షరాలు 26, ఇంగ్లండు ప్రామాణిక ఉచ్చారణలో ధ్వనులు 44 వరకు ఉన్నాయి, వాటిలో అచ్చుల ధ్వనులే సుమారు 20. కాబట్టి రాతను చూసి ఉచ్చారణ ఊహించడం నిష్ప్రయోజనం. అంతకంటే ఎక్కువ నష్టం చేసేది, పాఠం పైన ఇంగ్లీషు మాటలకు తెలుగు అక్షరాల్లో ఉచ్చారణ రాసుకునే అలవాటు. నేను దీన్ని గట్టిగా వ్యతిరేకిస్తాను. ‘బ్యాంకు’ అని రాసుకున్న బాబు లేని యకారాన్ని పలుకుతాడు, ‘డాక్టర్’ అని రాసుకున్న పాప అక్కడ గుండ్రని పెదవులతో వచ్చే హ్రస్వాచ్చును ఆకారం చేస్తుంది. నిజానికి ‘బ్యాంకు’లో కావలసిన అచ్చుకు దగ్గరిది మన నోట్లోనే ఉంది. ‘మేలు’ అనండి, తరువాత ‘మేక’ అనండి. రెండోదానిలో నోరు ఎక్కువగా తెరుచుకుంటుంది. ఆ తెరుచుకున్న ఏకారాన్ని పొట్టి చేస్తే చాలు, యకారం అక్కరలేదు.

టి-హెచ్ విషయంలో మన పేర్ల రాతే మనకు అడ్డు. ‘లత’, ‘శరత్’ లాంటి పేర్లలో తకారానికి దక్షిణాదిలో టి-హెచ్ రాస్తాము కనుక, ఇంగ్లీషు ‘థింక్’లోనూ పిల్లలు తకారమో థకారమో పలుకుతారు. తకారానికి నాలుక పళ్లను తాకి గాలిని ఆపుతుంది. ఇంగ్లీషు ధ్వనిలో నాలుక కొన పళ్ల మధ్యన నిలబడి గాలిని సన్నగా పోనిస్తుంది. అద్దం ముందు నిలబెట్టి చూపిస్తే పది నిమిషాల్లో వస్తుంది. వి, డబ్ల్యులకు మన ‘వ’ ఒక్కటే ఉంది. ‘వి’కి పై పళ్లు కింది పెదవిని తాకాలి, ‘డబ్ల్యు’కి పళ్లు తాకకూడదు, పెదవులు ఈల వేసేటట్టు గుండ్రం కావాలి. ‘జెడ్’ ధ్వని ఉర్దూ పరిచయం ఉన్న తెలంగాణ పిల్లలకు ‘జిందగీ’, ‘బజార్’ మాటల ద్వారా ముందే వచ్చి ఉంటుంది. తక్కినవారు ‘జడ’లోని దంత్య జకారంతో మొదలుపెట్టి, నాలుకను పైకి తాకించకుండా సాగదీస్తే సరిపోతుంది. భూతకాలపు ఇ-డి గురించి ఒక్క మాట. ‘వాక్’ లాంటి మాటల తరువాత అది ‘ట్’ (వాక్ట్), ‘కాల్’ తరువాత ‘డ్’ (కాల్డ్), ట, డ ధ్వనుల తరువాత మాత్రమే ‘ఇడ్’ (వాంటిడ్). స్పెల్లింగు ఒకటే.

ఇవన్నీ ఒక ఎత్తు, ఊనిక ఒక ఎత్తు. ఊనిక అంటే మాటలో ఒక అక్షరాన్ని మిగతావాటి కంటే బలంగా పలకడం; ఇక్కడ అక్షరం అంటే రాతలోని గుర్తు కాదు, ఒక్క ఊపులో పలికే ముక్క. మన పిల్లల ఇంగ్లీషు బయటివారికి అర్థం కాకపోవడానికి, హల్లుల తప్పుల కంటే ఊనిక తప్పులే ఎక్కువ కారణమని నా అనుభవం. తెలుగులో ఊనిక మారితే అర్థం మారదు, అన్ని అక్షరాలకూ వాటి వాటి మాత్రలు దక్కుతాయి. ఇంగ్లీషులో ఒక అక్షరం మీద బరువు పడితే, మిగతావి నలిగిపోతాయి. ‘డెవలప్’లో ఊనిక రెండో అక్షరం మీద, మనవాళ్లు మొదటిదాని మీద వేస్తారు. ‘ఇండస్ట్రీ’లో మొదటిదాని మీద, మనవాళ్లు రెండోదాని మీద వేస్తారు. ‘కమిటీ’లో రెండోది, ‘హోటల్’లో రెండోది. ‘రికార్డ్’ నామవాచకమైతే ఊనిక మొదట, క్రియ అయితే చివర. ‘ఫొటోగ్రాఫ్’లో మొదటి అక్షరం మీద, ‘ఫొటోగ్రఫీ’లో రెండోదాని మీద, ‘ఫొటోగ్రాఫిక్’లో మూడోదాని మీద ఊనిక పడుతుంది. స్పెల్లింగులో ‘ఒ’ మారలేదు, నోట్లో అది ఒకసారి స్పష్టంగా, ఒకసారి అస్పష్టమైన చిన్న అకారంగా వస్తుంది. ఆ నలిగిన అకారమే ఇంగ్లీషులో అన్నింటికంటే తరచుగా వినిపించే అచ్చు, దానికి సొంత అక్షరమే లేదు. నిఘంటువులో తలకిందులైన ‘ఇ’ అక్షరంగా కనిపించే గుర్తు దానిదే, ఊనిక పడే అక్షరానికి ముందు పైన ఒక చిన్న నిలువు గీత ఉంటుంది. ఈ రెండు గుర్తులు గుర్తుపట్టడం నేర్పితే చాలు, మిగతా గుర్తులు నెమ్మదిగా వస్తాయి. హైదరాబాదులో 1958లో కేంద్రీయ ఆంగ్ల సంస్థగా మొదలై ఇప్పుడు ఇఫ్లూగా (ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయంగా) ఉన్న చోట నేను కొన్ని వారాల శిక్షణ పొందాను. అక్కడ నేర్చుకున్న వాటిలో తరగతి గదిలో నాకు అన్నింటికంటే ఎక్కువగా ఉపయోగపడినది చప్పట్ల పద్ధతి. ఊనిక పడే అక్షరం దగ్గర చప్పట్టు కొడుతూ, మిగతావి తేలికగా దాటిస్తూ మాట పలికించాలి.

ఒక జాగ్రత్త కూడా చెబుతాను. ‘బస్సు’, ‘రైలు’, ‘టేషను’, ‘పెన్ను’ అనే మాటలు తెలుగులోకి వచ్చి అజంతాలై, అంటే చివర అచ్చు చేరి, తెలుగు మాటలైపోయాయి. ఇంట్లో నాయనమ్మ ‘టేషను’ అంటే అది తప్పు ఉచ్చారణ కాదు, మంచి తెలుగు. ఇంగ్లీషు వాక్యంలో మాత్రం చివరి ఉకారం తీసేయమని బాబుకు చెప్పండి, ఎందుకంటే అక్కడ అది ఒక అక్షరాన్ని పెంచి మాట లయను పాడు చేస్తుంది. పెద్దవాళ్లను దిద్దే హక్కు ఆ పాఠంతో అతనికి రాదు.

ఇంట్లో రోజూ పది నిమిషాలు చాలు. ఫోన్‌లో ఉచ్చారణ వినిపించే నిఘంటువు పెట్టుకొని, ఆ రోజు పాఠంలోని ఐదు మాటలను పుస్తకం మూసి ముందు వినిపించండి. మూడుసార్లు విని, చప్పట్టుతో పలికిన తరువాతే స్పెల్లింగు చూపించండి. చూశాక, వినిపించని అక్షరం కింద గీత గీయించి, అది ఎందుకుందో ఇద్దరూ కలిసి వెతకండి. నిఘంటువులో మాట పుట్టుక రాసి ఉంటుంది. రేపటికి ‘వెన్జ్‌డే’తో మొదలుపెట్టండి. బుధవారం స్పెల్లింగులో వినిపించని ‘డి’ వోడెన్ అనే పాత దేవుడి పేరులోది. ఆ తరువాత ‘ప్లమర్’లో వినిపించని ‘బి’ని, సీసానికి లాటిన్‌లో పేరైన ‘ప్లంబమ్’ను కలిపి చూపించండి. రసాయనశాస్త్రంలో సీసం గుర్తు పి-బి ఎందుకైందో పై తరగతిలో వచ్చే పాఠం అతనికి ముందే తెలిసి ఉంటుంది. ఈ రాత్రికి మాత్రం, మార్కు పోయిన ఆ ‘నైట్’ పక్కన పెన్సిలుతో ‘నక్తం’ అని రాసి ఇవ్వండి.